ఫైలు దొరకని కేసు

ఆమెను అందరూ పెద్దక్క అంటారు. ఆసుపత్రి వెనక సందులో కుట్టు దుకాణం ఆమెది. ముందు గదిలో రెండు మిషన్లు, బట్టలు కత్తిరించే బల్ల. తెర జరిపితే లోపల ఇంకో చిన్న గది. దాని తలుపుకు గొళ్లెం లోపలి వైపే ఉంటుంది. బయటి వైపు ఉన్నదాన్ని దుకాణం అద్దెకు తీసుకున్న రోజే ఊడబీకించింది.

పంతొమ్మిదేళ్ల వయసులో పెద్దక్కను, బట్టల ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తానని తెలిసిన ఒకామె తీసుకెళ్లి వ్యభిచార గృహానికి అమ్మేసింది. మూడేళ్లు బయట గొళ్లెం పెట్టే గదుల్లోనే గడిచాయి. పోలీసులు దాడి చేసినప్పుడు నడిపేవాళ్లు వెనక తలుపులోంచి జారుకున్నారు. దొరికిన ఆడవాళ్ల మీదే కేసు రాశారు. తర్వాత ఏడాదిన్నర ప్రభుత్వ వసతి గృహంలో ఉండి, కుట్టు నేర్చుకుని ఇంటికి చేరింది. అమ్మ ఏమీ అడగలేదు. ఆరా తీయడానికి వచ్చిన ఇరుగుపొరుగుతో మాత్రం, తన కూతురు దర్జీ అనీ, కొలతలు ఇచ్చే పనుంటే కూర్చోమనీ, లేకపోతే వెళ్లమనీ చెప్పేది.

ఒకరోజు ఆసుపత్రి నర్సు దుకాణానికి వచ్చింది. అలాంటి చోటి నుంచే బయటపడ్డ పిల్ల ఒకతి మూడు రోజులుగా నోరు విప్పడం లేదని, ఒకసారి వచ్చి చూడమని అడిగింది. పెద్దక్క నాలుగు చొక్కాలూ గుండీల డబ్బా పట్టుకెళ్లి, మంచం పక్కన కూర్చుని తన పని తాను చేసుకుంది. సాయంత్రానికి ఆ పిల్లే అంది:

“మీరేం అడగరా?”

“అడిగేవాళ్లు నీకు ఇప్పటికే చాలామంది ఉన్నారు కదమ్మా.”

ఆ పిల్లకు మాట వచ్చాక ఇక ఆగలేదు. అందుకే రేడియో అని పేరు పడింది. కొన్నాళ్లకు తనూ పెద్దక్క వెంట తిరగడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్లు తిరిగేసరికి అలా పదకొండు మంది అయ్యారు. అందరూ ఆ బతుకు చూసి బయటపడ్డవాళ్లే. కొత్తగా వచ్చినవాళ్లకు తోడుగా పోలీసు స్టేషనుకూ, కోర్టుకూ, డాక్టరు దగ్గరకూ వెళ్లేవాళ్లు.

సంగతి మహిళా సంక్షేమ శాఖ దాకా పాకింది. అక్కడి అధికారి ఒక మేడం స్వయంగా వచ్చి చూసి, ఇలా బయటపడ్డవాళ్లకు ఆశ్రయమిచ్చే కేంద్రాలు ఆరు ఊళ్లలో పెడతామని, బాధితులే వాటిని నడుపుతారని చెప్పింది. పెద్దక్క ఆ రోజంతా కూనిరాగాలు తీస్తూ మిషను తొక్కింది.

రెండు నెలలకు నియామకాల కాగితం వచ్చింది. డిగ్రీ ఉండాలి. ఎలాంటి క్రిమినల్ కేసూ ఉండకూడదు.

పెద్దక్క ఆ కాగితం పట్టుకుని మేడం ఎదుట కూర్చుంది.

“మమ్మల్ని చూసే కదా మేడం ఈ పథకం రాశారు. కేసు ఉన్నవాళ్లు వద్దంటే మాలో సగం మంది పోతారు. ఇక మిగిలేది ఏంటి, బోర్డేనా?”

మేడం చెడ్డ మనిషి కాదు. పైవాళ్లతో పోట్లాడి డిగ్రీ మాట తీసేయించింది. కేసు మాట మాత్రం తన చేతిలో లేదని, కొట్టేసినట్టు కోర్టు నుంచి కాగితం తెచ్చుకోమని చెప్పింది.

కోర్టు రికార్డు గదిలో గుమాస్తా బీరువాలన్నీ వెతికాడు. పాతికేళ్ల నాటి ఆ ఫైలు లేదు. ఫైలు చూడకుండా కేసు కొట్టేశారని రాసివ్వలేనన్నాడు.

“ఫైలే లేనప్పుడు కేసు మాత్రం ఎలా ఉంటుందయ్యా?”

“కంప్యూటర్లో ఉందమ్మా.”

ఐదుసార్లు తిరిగింది. ఐదోసారి ఆ గది మెట్ల మీద కూలబడి, గేటు మూసేదాకా లేవలేదు. ఏడుపు కాదు, ఒళ్లు మండిపోతోంది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. గుమాస్తా కూడా పాపం తనవంతు వెతికాడు.

ఈలోగా మూడు కేంద్రాలు తెరిచారు. ఒకదాంట్లో పన్నెండు రోజులకే ఇద్దరు పిల్లలు గోడ దూకి పారిపోయారు. సిబ్బందికి నాలుగు మాటలు చెప్పి వెళ్లమని మేడం ఫోను చేసింది. ఉద్యోగానికి పనికిరానిదాన్ని పాఠాలకెలా పనికొచ్చానని అడగాలనుకుంది. అక్కడున్న పిల్లలు గుర్తొచ్చి, మాట మింగి బస్సెక్కింది. వెళ్లి చూస్తే ప్రతి తలుపుకూ బయట గొళ్లెమే. భద్రత కోసమంది వార్డెన్. పెద్దక్క సంచిలోంచి మిషను స్క్రూడ్రైవరు తీసి మొదటి గొళ్లెం విప్పింది. రెండోది విప్పుతుండగా అడ్డుపడ్డారు. ప్రభుత్వ ఆస్తిని పాడు చేసిందని ఫిర్యాదు రాశారు.

నాలుగో కేంద్రం పక్క ఊళ్లోనే. అప్పట్లో మైనరు కావడంతో రేడియో మీద కేసు లేదు. ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఆర్డరు తెచ్చి, ఎప్పుడూ లేనిది, తల వంచుకుని నిలబడింది.

“నీ పని నేనెలా తీసుకుంటానక్కా? చేరను.”

“చేరకపోతే ఆ కుర్చీలో ఇంకో వార్డెన్ కూర్చుంటుంది. నా కోపం నాకుంది, దానికి నువ్వేం తోడు రానక్కర్లేదు. వెళ్లు.”

రేడియో చేరింది. రోజుకు ఆరుసార్లు ఫోను చేస్తుంది: ఈ పిల్ల తినడం లేదు, ఆ పిల్లను చూడటానికి ఎవడో మామయ్యనంటూ వచ్చాడు, ఏం చేయమంటావని. పెద్దక్క ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అంచు కుడుతూనే జవాబులు చెబుతుంది. ఆ పాత కేసు తేల్చమని కోర్టులో పెట్టుకున్న అర్జీ మూడుసార్లు వాయిదా పడింది. వచ్చే వాయిదాకు వకీలు కొత్తవాడట. అతనికి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.