ఎవరింటి అంబలీ తాగని డాక్టరమ్మ

బుధవారం పొద్దున చర్చి గంట ఆగి ఆగి మోగింది. కాఫీ పళ్లు కోస్తున్న చేతులు ఆగిపోయాయి. మా పక్కింటి డాక్టరమ్మ పోయింది. నాకు అక్షరం రాదు. చెబుతున్నాను, ఉన్నదున్నట్టు రాసుకోండి.

డాక్టరమ్మంటే సూదిమందు డాక్టరు కాదు. ఆ సంగతి మా కొండకి ఏడాది దాకా తెలీలేదు. జ్వరమని వెళ్తే చారు కాచి పోసి, ఆస్పత్రికి తోలేది. పురుగుమందు, సబ్బు, రంగు, ఏది మనిషికి హాని చేస్తుందో చూసే చదువు ఆవిడది. వయసులో ఉన్నప్పుడు కుందేళ్ల కళ్లలో మందు చుక్కలు వేసి చూసిందట. "కుందేలు నోరెత్తదప్పా. అందుకే దాన్ని ఎంచుకున్నారు" అనేది, నా ముఖం చూడకుండా. అక్కని మా వైపు అప్పా అంటాం, ఆవిడా నన్ను అలాగే పిలిచేది.

ఇప్పుడు గాజు పళ్లెంలో మనిషి చర్మం లాంటి పొర పెంచి, దాని మీద మందు వేసి చూస్తారట. కుందేలు అక్కర్లేదు. మంచిదే. కానీ ఆ పళ్లెం నిజం చెబుతుందో లేదో, దాన్ని అమ్ముకునేవాడు కాక వేరేవాళ్లు కూర్చుని తేల్చాలి. అలా తేల్చేవాళ్లలో ఆవిడ ఒకతె.

మా కొండల్లో తగువు తీర్చే మనిషి ఆ రోజు రెండిళ్లలోనూ మంచినీళ్లు ముట్టడు. తన ఆనపబుర్రలో, అదే ఎండిన సొరకాయ డొల్లలో, తన అంబలి తెచ్చుకుంటాడు. ఈ మాట చెబితే ఆవిడ నవ్వలేదు. "నాకూ ఒక బుర్ర ఇప్పించప్పా" అంది. అప్పట్నుంచీ పట్నం మీటింగులకి చోడి అంబలి, అదే రాగి జావ, పోసిన బుర్రతోనే వెళ్లింది. అక్కడి దొరలు ముసిముసిగా నవ్వారట. నవ్వరా మరి, బిస్కెట్టుకే మూతపడే నోళ్లు!

మొన్న వానల్లో కంపెనీ వాళ్లు మిఠాయి పెట్టెతో జీపులో దిగారు. నేను అరుగు మీద చోళ్లు చెరుగుతున్నాను.

"జంతువులంటే జాలి ఉన్నవారు మీరు. మా పళ్లెం పనికొస్తుందని సంతకం పెట్టండి మేడమ్."

"వేరే ల్యాబుల్లో చేసినా ఇదే వచ్చిందా? తప్పిన ఫలితాలు కూడా తెచ్చారా?"

ఒకడు వాచీ చూసుకున్నాడు. ఇంకొకడు నా కోడిని చూశాడు.

"అయితే ఇంకా కాదు" అంది. మిఠాయి పెట్టె కూడా జీపెక్కింది.

వాళ్లు పోయాక నా పక్కన కూలబడింది. "కుందేలు బయటపడాలని నాకంటే ఎవరికుందప్పా? కానీ పళ్లెం అబద్ధమాడితే, రేపు చేలో పురుగుమందు కొట్టే మీ పిల్లగుంటలే కుందేళ్లు." మా మనవరాలి వేళ్లు మందుకి పొక్కినప్పుడు కట్టు కట్టిన మనిషి. ఊరికే అనలేదు.

జ్ఞాపకార్థ కూడికకి ఆ కంపెనీ వాళ్లూ వచ్చారు, నిలువెత్తు దండతో. టై కట్టినవాడు మైకు పట్టుకుని, "మేడమ్ మా పద్ధతిని ఒప్పుకున్నారు" అన్నాడు. పోయినవాళ్ల నోట్లో మాట కుక్కడానికి సిగ్గు అక్కర్లేదు కాబోలు.

లేచాను. "ఏటి బాబూ, ఏ సేత్తో ఒప్పుకున్నాదట?"

"మామ్మా, ఇది సైన్సు. నీకు తెలీదు."

"నాకు అచ్చరం రాదు. 'ఇంకా కాదు' అన్న మాట ఇనడానికి అచ్చరం ఏటికి? సెవుంటే సాలదా?"

పాస్టరుగారు దగ్గారు. వాడు కూర్చున్నాడు. రేపు ఏ కాగితంలో ఏం రాసుకుంటాడో! అందుకే రాయిస్తున్నాను: ఆవిడ ఒప్పుకోలేదు.

ఆవిడ ఫోటో మా ఇంటికి తెచ్చి మేకుకి తగిలించి, దానికి వేసిన ఆ దండ తీసి మేక ముందు పడేశాను. మేక మూతి తిప్పుకుంది. ఆవిడుంటే, "జంతువు మీద పరీక్షా అప్పా?" అని తిట్టేది.

ఆ మేకుకే ఇప్పుడు ఆవిడ ఆనపబుర్ర వేలాడుతోంది. మూత తీస్తే ఇంకా పులిసిన చోడి వాసన.