పేరు చెప్పని మామ్మగారు

లండన్‌లోని హారోలో, వృద్ధులని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో నర్సుగా చేరిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది. పై అంతస్తులో తొంభై దాటిన కొరియన్ మామ్మగారు ఒకరు ఉండేవారు. మతిమరుపు జబ్బు ముదిరి, ఎప్పుడో నేర్చుకున్న ఇంగ్లిష్ దాదాపు పోయింది. పేరు ఎవరు అడిగినా పెదవులు బిగించేసేవారు. జబ్బు వల్లే అనుకుని ఊరుకునేవాళ్ళం.

ఒక మంగళవారం పొద్దున ఆవిడ మంచం పక్కన పడిపోయారు. మేం పరుగెత్తి వెళ్ళేసరికి తనంతట తానే లేచి కూర్చున్నారు గానీ కణత మీద కోడిగుడ్డంత బొప్పి కట్టింది. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్న మనిషి. తలలో రక్తం కారితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అంబులెన్స్‌కి ఫోన్ చేశాను.

ఇద్దరు వచ్చారు. ముదురాకుపచ్చ యూనిఫాం, భుజాన గరగరలాడే రేడియో, బరువైన బూట్లు. వాళ్ళలో పెద్దాయన మంచి మనిషే. మోకాళ్ళ మీద కూర్చుని, "మీ పేరు చెప్తారా?" అని మెల్లగా అడిగాడు. ఆవిడ ఆయన బూట్ల వంక చూశారు. మందుల చార్టు చూపించడానికి నేను అటు తిరిగానో లేదో, లేచి బాత్‌రూమ్‌లోకి దూరి తలుపేసుకున్నారు.

బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే గడియే అది. తిప్పాను. తలుపు బెత్తెడు కదిలి ఆగిపోయింది. లోపల స్నానం కుర్చీ అడ్డం పెట్టేశారు.

"తోసేద్దామా?" అన్నాడు రెండో అతను.

"వద్దు, వెనకే నిలబడి ఉంటే మళ్ళీ పడతారు."

నాతో డ్యూటీలో ఉన్న కేరర్, కరీంనగర్ అమ్మాయి, ఆ సందు దగ్గర చెవి పెట్టింది. "అక్కా, ఏదో నములుతున్నది. కాయితం చప్పుడు ఇనవడ్తున్నది."

బల్ల వైపు చూశాను. నిన్న డాక్టరు క్లినిక్ నుంచి వచ్చి అక్కడే ఉన్న ఉత్తరం లేదు. దాని మీద ఆవిడ పేరు ఉంటుంది. మెత్తటి అన్నమే గొంతు దిగని మనిషి ఆవిడ.

దగ్గర్లోని స్టాన్‌మోర్‌లో ఉండే ఆవిడ కూతురికి ఫోన్ చేశాను. విషయం వినగానే ఆమె అడిగిన మొదటి మాట, "యూనిఫాంలో ఎవరైనా ఉన్నారా? పేరు అడిగారా?"

"అడిగారు."

"వాళ్ళని మెట్ల దగ్గరికి పంపెయ్యండి. ఫోన్ తలుపు దగ్గర పెట్టండి."

కూతురు కొరియన్‌లో ఏదో బతిమాలింది. లోపల నమలడం ఇంకా జోరందుకుంది. తర్వాత దగ్గు.

"తప్పు చేశాను," అంది కూతురు ఏడుస్తూ. "మా దేశాన్ని జపాన్ ఏలుతున్నప్పుడు మావాళ్ళు చైనాకి పోయి అక్కడ ప్రభుత్వం పెట్టుకున్నారు. అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్య, అందులో గుమాస్తా. జపాన్ వాళ్ళకి కబుర్లు మోసే ఇన్ఫార్మర్లంతా మా భాష మాట్లాడేవాళ్ళే. మా భాషలో తియ్యగా పిలిచేవాళ్ళని అసలు నమ్మొద్దని అమ్మకి చిన్నప్పుడే నేర్పారు. ఇప్పుడు తన మనసులో తను అక్కడే, ఆ రోజుల్లోనే ఉంది, సిస్టర్."

నా నర్సు యూనిఫాం, ఆ నీలం ట్యూనిక్ విప్పేసి, లోపలి టీషర్టు మీద కరీంనగర్ అమ్మాయి కార్డిగన్ వేసుకుని తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాను. ఆ గాభరాలో నోటికి ఇంగ్లిష్ రాలేదు.

"ఏసయ్యా, ఈ ప్రాణాన్ని కాపాడు తండ్రీ. మామ్మగారూ, ఆ కాయితం ఉమ్మెయ్యండి. మీ పేరు నాకొద్దమ్మా. నేనెవరికీ చెప్పను."

నమలడం ఆగింది. ఆపితే మళ్ళీ మొదలవుతుందేమోనని నేను మాట్లాడుతూనే ఉన్నాను. పొద్దున బస్సు తప్పిపోవడం, పప్పు మాడిపోవడం, మా అమ్మాయి లెక్కల పరీక్ష, ఏది తోస్తే అది. ఆ భాష జపాన్ వాళ్ళది కాదు, తమవాళ్ళదీ కాదు. ఆవిడ ఏమనుకున్నారో నాకు తెలియదు. సందులోంచి ఒక కన్ను నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. కుర్చీ గీసుకుంటూ పక్కకి జరిగింది.

ఆవిడ మొహం నల్లబడిపోయి ఉంది. వంగదీసి వీపు మీద గట్టిగా చరిచాను. తడి కాగితం ముద్ద పెదవుల దాకా వచ్చింది. వేలితో లాగుతుంటే కరిచారు, రక్తం వచ్చింది. అయినా వదల్లేదు. ఈలలాంటి శబ్దంతో ఊపిరి లోపలికి పోయింది. ఆవిడని పట్టుకుని అక్కడే, తడి నేల మీద కూలబడ్డాను.

పెద్దాయన యూనిఫాం మీద మా వంటాయన కోటు తొడుక్కుని వచ్చాడు. ఏ ప్రశ్నా అడగలేదు. స్కాన్‌లో రక్తం కారలేదని తేలింది. రెండు రోజుల్లో ఆవిడ తిరిగి వచ్చేశారు. ఆ సాయంత్రమే కేర్ ప్లాన్‌లో రాశాను: ఈవిడని పేరు అడగవద్దు. యూనిఫాంతో గదిలోకి వెళ్ళవద్దు.

తర్వాతి వారం కూతురు వచ్చినప్పుడు, అంత భయం దేనికని అడిగాను.

"ఏడేళ్ళప్పుడు ఎవడో వీధిలో మిఠాయి ఇచ్చి పేరడిగితే చెప్పేసిందట. నాన్న పేరు కూడా చెప్పింది. మర్నాడు వాళ్ళింటి మీద పడ్డారు. తాతయ్య ఆ వేళకి ఇంట్లో లేడు. ఆయన స్నేహితుణ్ణి పట్టుకెళ్ళారు. ఆయన మళ్ళీ రాలేదు."

"పసిపిల్ల కదా! తన తప్పు కాదని ఎవరూ చెప్పలేదా?"

"తాతయ్య బతికినన్నాళ్ళూ చెప్పాడు," అంది. "అమ్మ ఒక్కసారీ ఒప్పుకోలేదు."

మామ్మగారు కిటికీ దగ్గర మజ్జిగన్నంలా మెత్తగా చేసిన గంజి తాగుతున్నారు. కూతురు వెళ్ళి పక్కన కూర్చుంది. చెంచా పట్టుకున్న ఆ చేతి కింద తన చెయ్యి పెట్టింది.