చెమట కనబడని ఎడారి, చెమట ఆరని మంచు

ఈ ప్రయాణం తగాదాతో మొదలైంది. మాది జగిత్యాల పక్కన సారంగాపూర్. మా అన్న శీను ముందు రెండు వీసాలున్నాయి: ఒకటి గల్ఫ్ ఎడారిలో గొర్రెలు కాసే పని, ఇంకోటి ఉత్తర ధ్రువం వైపున్న రేవు పట్టణంలో పైపులు మోసే పని. సాయంత్రం అయిదింటికల్లా సిరిసిల్ల ఏజెంటుకు ఏదో ఒకటి చెప్పి పాస్‌పోర్టు ఇవ్వాలి. పర్యావరణ కరపత్రాలు చదివిన పొగరుతో నేను మంచువైపు నిలబడ్డాను. చలికి గొంగడి కప్పుకోవచ్చు, ఎండకు తోలు ఒలుచుకుంటామా అని అరిచాను. "ఎండ మనకు కొత్తనా?" అన్నాడు అన్న. చివరికి రెండు చోట్ల పనిచేసి వచ్చినవాళ్లనే అడుగుదామని బయల్దేరాం.

జగిత్యాలలో ఏడున్నర బస్సెక్కితే గంటలోపే కోరుట్ల. టికెట్టు నలభై దాకా. అక్కడ మల్లయ్య కాక ఎడారిలో ఏళ్ల తరబడి గొర్రెలు కాసి, కిడ్నీలు చెడి తిరిగొచ్చాడు. "గీడ అంగి తడిస్తే నీళ్లు తాగుతం. గాడ అంగి తడ్వనే తడ్వదు. చెమట పుట్టుడుతోనే గాలి తాగేస్తది. చెమటే లేదు, నీళ్లెందుకని ఊకున్న. గదే నా తప్పు" అన్నాడు. చాయ్ కాచుకోవడానికి చుట్టూ ఉన్న ముళ్లపొదలు పీకారట. పొదలు పోయిన చోట ఇసుక లేచి గొర్రెల దొడ్డిని కప్పింది.

"మళ్ల మొలవలేదా?" అన్నాడు అన్న.

"నేనున్నన్ని ఏండ్లు మొలవలే."

నేను ఆవేశంగా భూతాపం మీద మొదలుపెట్టాను. "ఆగుర నాయినా, నీ స్పీచు తాగితే దూప తీరుతదా?" అని నవ్వాడు కాక. అంతలో చిన్నమ్మ కాకకు చిన్న గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఇప్పుడు ఆయన రోజుకు ఎంత తాగాలో డాక్టరు కొలత పెట్టాడు.

రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ వెళ్లి, బస్సు మారి సిరిసిల్ల చేరేసరికి రెండు గంటలు దాటింది. ధ్రువం వైపు పైపులు మోసి వచ్చిన సత్తన్న, సాంచాలనే మరమగ్గాల షెడ్డు నుంచి కుంటుతూ బయటికొచ్చాడు. కుడికాలికి రెండు వేళ్లు లేవు.

"సాంచాల మీద ఉరికి పనిచేసే అలవాటాయె. మంచుల గూడ గట్లనే ఉరికిన. బూట్ల చెమట పట్టింది. జర నిలవడంగనే గా చెమట గడ్డకట్టి వేళ్లు పోయినయి."

"మెల్లగ చెయ్యరాదా?" అన్నాడు అన్న.

"చేస్తే సూపర్‌వైజరు ఊకుంటడా?"

అక్కడ ఇళ్ల కింద తరాలుగా గడ్డకట్టి ఉన్న నేల కరుగుతోందట, గోడలు పగులుతున్నాయట. ఓ వేసవిలో నేలంతా పరుచుకున్న నాచు మీదుగా ట్రాక్టరు నడిపితే, ఆ చక్రాల గాడి పూడలేదు. ఏటేటా లోతై నీళ్లు నిలిచాయని చెప్పాడు.

అయిదింటికి ఏజెంటు ముందు అన్న అడిగాడు: "ఎండల గంటకోసారి నీళ్లు తాగనిస్తరా? చలిల చెమట ఆరబెట్టుకోనిస్తరా? కాయితం మీద రాసియ్యి."

"గవన్నీ గాడికి పోయినంక చూస్కోవయ్యా" అని నవ్వాడతను. అన్న పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నాడు. నేను ఏజెంటు కాలర్ పట్టుకోబోతే అన్న నా మణికట్టు పట్టి మెట్లు దింపాడు.

"మరేం జేస్తవన్నా?"

"తెల్వదిరా."

ఎడారీ ధ్రువమూ ఒకదానికొకటి ఎదురని చదువుకున్నాను. కానీ రెండు చోట్లా పొదైనా నాచైనా మెల్లగా బతుకుతుంది, గాయం తొందరగా మానదు. తొందరంతా పని చేయించేవాడిది. ఎంత అరిచినా అన్నకు ఇక్కడ పని చూపించలేకపోయాను. ఆ సిగ్గు నాకుంది. మీరూ ఇలా బయల్దేరితే ఒక్కటే మాట: పాస్‌పోర్టు ఇవ్వకముందే, అదే పని చేసి తిరిగొచ్చిన మనిషిని ఇంట్లో, ఏజెంటు లేనప్పుడు కలవండి.