మాస్టారి డ్రైవర్‌ని నేనే తీసేశాను

కంప్యూటర్‌లో అన్నిటికన్నా అడుగున నడిచే ప్రోగ్రామ్‌ని కెర్నెల్ అంటారు. అందులో ఎవరూ వాడని కోడ్‌ని వెతికి తీసేయడం నా ఉద్యోగం. రాజమండ్రిలో మా ఇంట్లో కూర్చునే చేస్తాను. పాతది పోతే అందరికీ సుఖం అనుకునేవాణ్ణి, మా మాస్టారు రాసిన డ్రైవర్ వంతు వచ్చేదాకా.

నేను చదివే రోజుల్లో మా కాలేజీలో ఉన్నది ఒక్క మంచి కంప్యూటరు. దానికి చాలా టెర్మినల్స్, అంటే తెరా కీబోర్డూ ఉన్న పెట్టెలు, తగిలించే కార్డు కొన్నారు గానీ, కెర్నెల్ దాన్ని గుర్తుపట్టేది కాదు. మాస్టారు వేసవి సెలవులన్నీ ల్యాబ్‌లోనే గడిపి, ఆ కార్డుని కెర్నెల్ చేత పనిచేయించే ప్రోగ్రామ్, అదే డ్రైవర్, రాశారు. దాన్ని ఉచితంగా కెర్నెల్‌లో చేరిస్తే ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వాడుకున్నారు. ఆయనకి పైసా రాలేదు. నాకు ఈ విద్య నేర్పింది ఆయనే. కోవిడ్‌లో పోయారు.

"దీన్ని ఎవరైనా వాడుతున్నారా?" అని, కెర్నెల్ మీద పనిచేసేవాళ్లందరికీ ఒకేసారి ఈమెయిల్ వెళ్లే మెయిలింగ్ లిస్టులో అడిగాను. ఎవరూ పలకలేదు. మనసొప్పక నరసాపురం వెళ్లాను. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, ఇప్పుడు అక్కడ తన చెల్లెలి దగ్గర ఉంటున్నారు. గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతున్నారు. సంగతి చెప్పాను.

"ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదా అది?"

"లేదండి. ఆ కార్డులే ఎక్కడా లేవు."

"మరి నా దగ్గరికెందుకొచ్చావు బాబూ?"

ఆవిడ అల్లిక ఆపలేదు.

"పెద్దమ్మాయి టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో ఉంటే, ఎవడికో అది పనిచేయట్లేదట అని మీ మాస్టారు ల్యాబ్‌కి వెళ్లిపోయారు. పాపం, వాళ్లు నా మీదే ఆధారపడ్డారే అన్నారు. ఆయన పోయినప్పుడు వాళ్లలో ఒక్కడైనా పలకరించాడా?"

ఆవిణ్ణి ఎవరూ పలకరించలేదని నాకు తెలుసు. ఆ కబురు లిస్టులో పెట్టింది నేనే. ఇద్దరు ముగ్గురు అక్కడే ఒక్క ముక్కలో విచారం తెలిపారు. ఆ కిందే ఒకాయన, "అయితే ఈ డ్రైవర్‌ని ఇక ఎవరు చూస్తారు?" అని అడిగాడు.

"తీసెయ్యి. నీకు జీతమిచ్చేది అందుకేగా," అన్నారు అమ్మగారు.

తీసేశాను. కెర్నెల్‌లో ఏది ఉండాలో తేల్చే పెద్ద మెయింటెయినర్ ఆ రోజే ఒప్పేసుకుని, ఇన్ని లైన్లు ఒక్కసారి తగ్గడం చాలా సంతోషం అని రాశాడు. కోడ్ రాసినవాళ్ల పేర్లుండే ఫైల్లో మాస్టారి పేరు ఉంచమని అడిగాను. కోడే లేనప్పుడు పేరెందుకని ఒకతను వాదించాడు. చివరికి, సరే ఉండనీ అన్నారు, అడ్డం రాని వస్తువు గురించి అన్నట్టు.

అమ్మగారికి ఫోన్ చేసి చెప్పాను.

"మంచిది బాబూ," అన్నారు. "గ్యాస్ అబ్బాయి వచ్చాడు, ఉంటాను."