బోడిమెట్టు దిగాల్సిన జీపు

కోయంబత్తూరులో కార్ల ఇంజిన్ కంప్యూటర్లను సరిచేయడం నా పని. ఆ పని మీద బోడినాయకనూరు దాకా పోవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. పిలిచింది మా అక్క కమల. పొద్దున జీపులో ఆడవాళ్ళను కొండ మీది ఏలకుల తోటలకు తీసుకెళ్ళి, సాయంత్రం దించడమే ఆమె జీవనం. పాత డీజిల్ ఇంజిన్ పోతే, ఒక పెట్రోలు కారు ఇంజిన్ తెచ్చి బిగించారు. కొండ బాగానే ఎక్కుతోంది. దిగేటప్పుడు మలుపుల్లో ఆగిపోతోంది.

"ఇంజిన్ నిలిచిపోతే బ్రేకు రాయిలా బిగుసుకుపోతాది రా. జనం ఇంక ఈ బండి ఎక్కేది లేదంటారు. నేనేమి చెయ్యాల?" అని ఫోనులో ఏడ్చింది. అక్క ఏడవగా వినడం నాకు కొత్త.

ఆదివారం ఆరింటికి ఉక్కడం బస్టాండులో పళని బస్సెక్కాను. ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచి. ఉడుమలైపేటలో ఒక రైతు ఎక్కి నా పక్కన కూర్చుని, నేను అక్కతో ఫోనులో మాట్లాడటం విన్నాడు.

"ఇంట్లో తెలుగా తంబీ? ఏమి పని?"

చెప్పాను. పకపకా నవ్వాడు. "ఇంజినుకూ బుద్ధి చెప్పేవాళ్ళు ఉండారా! మా ట్రాక్టరుకీ రెండు మాటలు చెప్పి పో సామీ."

పళనిలో బస్సు మారాలి. టిఫిను అక్కడే కానిచ్చేయండి. తేని దాకా నాకు మళ్ళీ ఏమీ దొరకలేదు.

బోడినాయకనూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అన్నం తర్వాత, ముందు బండి చూపించమన్నాను. సంగతి తేలికే. ఇంజిన్ కంప్యూటరులో ఇంకా అది మునుపున్న కారు లెక్కలే ఉన్నాయి. దిగుడులో యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే అది పెట్రోలు ఆపేస్తుంది, ఇంజిన్ నెమ్మదించగానే మళ్ళీ ఇవ్వాలి. ఇవ్వడం ఆలస్యమవుతోంది. ఈలోగా మలుపు వస్తుంది, అక్క క్లచ్ తొక్కుతుంది, ఇంజిన్ చస్తుంది.

పెట్రోలు ముందే అందేలా మార్చాను. ఖాళీ జీపులో అక్క నడుపుతుంటే, నేను ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చున్నాను, అలా కొండ మీది బోడిమెట్టు దాకా ఎక్కి దిగాం. ఆగబోయింది. మళ్ళీ మార్చి, మళ్ళీ దిగాం. ఆగలేదు. ఇంటి ముందు బండి ఆపి అక్క స్టీరింగు మీద తల పెట్టేసుకుంది.

సాయంత్రం బస్సుకు పోదామనుకుంటే, తోటపని ఆడవాళ్ళు వచ్చేశారు. వాళ్ళలో పెద్దామె మంగమ్మ.

"సుమ్మా, ఉత్తినే ఖాళీ బండి దిగితే ఏమి పెద్దది? మేము కూర్చుంటే దిగాల. నువ్వూ కూర్చోవాల."

"రేపు నేను పనికి పోవాల పెద్దమ్మా."

"మేమూ పనికే పోవాల తంబీ."

ఆ రాత్రికి ఉండిపోయాను.

మర్నాడు పొద్దున వాళ్ళతోనే కొండెక్కాను. వాళ్ళు తోటల్లో ఉన్నంతసేపూ మెట్టు మీది టీకొట్టులో చలికి ముడుచుకుని కూర్చున్నాను. ల్యాప్‌టాప్ తెర మీద నిన్నటి గీతలన్నీ చక్కగా ఉన్నాయి, అయినా మళ్ళీ మొదటి నుంచి చూశాను. కోయంబత్తూరులో అయితే పని కాగానే తాళం ఇచ్చి పంపేస్తాను. ఆ బండి ఏ దారిన దిగుతుందో, అందులో ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు.

నాలుగింటికి అందరూ ఎక్కారు. మొదటి మలుపు దగ్గర ఒక్కరూ నోరు మెదపలేదు. మంగమ్మ పెద్దమ్మ వెనక నుంచి నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగాయి. అక్క క్లచ్ తొక్కింది. ఇంజిన్ గొంతు పడిపోయింది, ఇంకా పడింది, నిలదొక్కుకుంది. తర్వాతి మలుపూ అంతే. ఆ తర్వాతదీ అంతే.

ఇంకో మలుపులో ఉండగా వెనక ఎవరో, "అది సరి, ఆ పిల్ల పెండ్లికి మాప్పిళ్ళను చూసినారంటనే?" అన్నారు.

"ఎవురు? ఆ తిరుప్పూరు బనియన్ కంపెనీ వాడా?" అంటూ పెద్దమ్మ నా భుజం వదిలేసి అటు తిరిగింది.

ఇక బండంతా ఒకటే గోల. ఇంజిన్ చప్పుడు ఎవరూ వినడం లేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగాను.

అక్క బస్టాండులో దింపింది. "రేపు ఎంతమంది వస్తారక్కా?" అన్నాను.

"అందరూ వస్తారు రా," అంది.

బస్సు తేని దాటింది. ఈ దారిన వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. బోడిమెట్టు దిగాలంటే, లోపల ఆడవాళ్ళు గలగలా మాట్లాడుకుంటున్న జీపు చూసి ఎక్కండి. మా అక్క జీపులో అయితే, చోటు దొరకడం ఇక కష్టమే.