పండుగప్పకు వేసిన కాపలా

నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా అంటోంది. నేను ముప్పై ఏళ్ళుగా కాదంటున్నాను. పాలవాడు పోసిన పాలు మళ్ళీ కొలుస్తాను, నిజమే. పెట్రోలు బంకులో మీటరు సున్నా మీద ఉందో లేదో బండి దిగి చూస్తాను. మేత బస్తాలు దించుతుంటే లారీ పక్కన నిలబడి పైకే లెక్కపెడతాను. దీన్ని నేను జాగ్రత్త అనుకునేవాణ్ణి. చెరువులో పండుగప్ప చేప వేసిన ఏడాది దాకా అలాగే అనుకున్నాను.

పాలకొల్లు నుంచి భీమవరం వైపు వెళ్ళే దారిలో, కాలవ అవతల మాకు ఆరెకరాల చెరువుంది. ఎప్పటినుంచో అందులో బొచ్చె, శీలావతి పెంచుతున్నాం. ఆ చేపలతో పేచీ లేదు. తవుడూ చెక్కా కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, తాళ్ళకు కట్టి నీళ్ళలోకి దించితే అవే వచ్చి పొడుచుకు తింటాయి. చెరువు గట్టు మీద రెండు గదుల రేకుల షెడ్డు ఉంది. మావైపు దాన్ని మకాం అంటారు. అందులో పన్నెండేళ్ళుగా ఒక మనిషీ, అతని భార్యా ఉంటున్నారు. చెరువు కాపలా అతనిది. మేత గది తాళంచెవి ఆవిడ కొంగున ఉండేది. పన్నెండేళ్ళలో ఒక్క బస్తా తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో అని కూడా నేను అప్పుడప్పుడూ ఆలోచించేవాణ్ణి.

మేత ఖరీదు ఏటా పెరుగుతోంది. బొచ్చె ధర మాత్రం కలకత్తా వ్యాపారులు ఫోన్లో ఎంత చెబితే అంతే. పండుగప్పకైతే దానికి మూడింతలు వస్తోందని చుట్టుపక్కల నలుగురూ అంటున్నారు. సముద్రం చేపే అయినా చిన్నప్పుడే మంచినీళ్ళకు అలవాటు చేస్తే మన చెరువుల్లో హాయిగా పెరుగుతుంది. తవుడు మాత్రం ముట్టదు. దానికి మాంసం కావాలి, లేదంటే చేపపొడి ఎక్కువగా కలిసిన గుళికల మేత కావాలి. పిల్ల కూడా ఖరీదే. బొచ్చె పిల్లలు అరడజను వచ్చే డబ్బుకి ఇది ఒక్కటి వస్తుంది. అంత ఖరీదైన పిల్లని నేరుగా చెరువులో వదలరు. గెడలు పాతి, వాటికి దోమతెర లాంటి వలతో గూళ్ళు కట్టి, నాలుగంగుళాలు దాటేదాకా అందులోనే పెంచుతారు.

మేమూ పండుగప్ప వేశాం. పిల్ల తెచ్చి అమ్మినతను వ్యాన్ ఎక్కుతూ, "వారానికోసారి గ్రేడింగ్ మాత్రం మానకండి" అన్నాడు. సైజులవారీగా చేపల్ని ఏరే చిల్లుల టబ్బులు కూడా అతనే అమ్ముతాడు. అందుకే చెబుతున్నాడని నాకు వెంటనే అర్థమైపోయింది.

మా మకాం మనిషి కూడా అదే మాట అన్నాడు. అతను కుర్రతనంలో నరసాపురం దగ్గర ఎవరిదో పండుగప్ప చెరువులో రెండేళ్ళు పనిచేశాడు.

"పెద్దాటిని పెద్దాటితో, చిన్నాటిని చిన్నాటితో వెయ్యాలండి. వారానికోపాలి ఏరకపోతే కుదరదండి."

"ఏరడమంటే ఏంటయ్యా?"

"గూడులో ఉన్నయన్నీ పైకి తీసెయ్యడమేనండి. బకెట్లలో పోసుకుని, సైజు చూసి మళ్ళీ వేరే గూడులోకి వదలడమండి."

అంటే వారానికోసారి నా పిల్లలన్నీ నీళ్ళలోంచి బయటికొచ్చి బకెట్లలో కూర్చుంటాయన్నమాట. ఆరుగురు కూలీలు, ఇరవై బకెట్లు, అరపూట పని. ఏ బకెట్టు ఏ గూడులోకి పోయిందో, ఏది గట్టు దాటిందో ఎవడు చూడొచ్చాడు? పక్క చెరువు వాళ్ళు పండుగప్ప పిల్ల దొరక్క తిరుగుతున్నారు. పని తెలిసిన మనిషి కదా, దొంగదారులు కూడా తెలిసే ఉంటాయనిపించింది. పన్నెండేళ్ళలో ఎప్పుడూ ఇంత పట్టుదలగా నాకు సలహా చెప్పనివాడు ఇప్పుడెందుకు చెబుతున్నాడన్నది ఇంకో అనుమానం.

"అక్కర్లేదులే" అన్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. నాలుగు గూళ్ళకూ మూతులు దగ్గరికి లాగి నీలం నైలాను దారంతో నా చేత్తో కట్టాను. అది మా నాన్న ధాన్యం బస్తాలకు వేసే ముడి, బయటివాళ్ళకి రాదని నా ధీమా. మేత వెయ్యడానికి మాత్రం చెయ్యి పట్టేంత సందు ఉంచాను. అతను పక్కనే నిలబడి చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవడం కూడా నాకు నచ్చలేదు.

మూడు వారాలయ్యాక, ఇద్దరు కూలీల్ని వెంటబెట్టుకుని గూళ్ళు విప్పి లెక్కపెట్టించాను. ముడులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. పిల్లలు మాత్రం సగానికి సగం లేవు.

నేను బొచ్చె, శీలావతి చూసి పెరిగినవాణ్ణి. మా లెక్క ఒకటే. చేప చస్తే తేలుతుంది, తేలితే కాకులు వాలతాయి, వాసన వస్తుంది. ఇక్కడ ఒక్కటి తేలలేదు. పైన పక్షులు రాకుండా వల ఉంది. గూడుకి చిరుగు లేదు. చావకుండా, ఎగిరిపోకుండా, దూరిపోకుండా చేప లేదంటే మనిషి పట్టుకుపోయినట్టే. ఈ లెక్కలో తప్పెక్కడుందో నాకే కాదు, మా ఊళ్ళో ఏ బొచ్చె రైతుకీ తట్టి ఉండేది కాదు. ముడి సంగతి కూడా తేల్చేశాను. నేను వేస్తుంటే పక్కన నిలబడి చూసింది అతనే కదా!

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను.

"అతన్ని అడిగారా?" అంది.

"దొంగని అడిగితే చెబుతాడేంటే?"

"చూడండి, వాళ్ళని ఏమైనా అన్నారంటే మకాం ఖాళీ చేసి వెళ్ళిపోతారు. అలాంటివాళ్ళు మళ్ళీ మనకి దొరకరు. అనేముందు ఒకటికి పదిసార్లు ఆలోచించుకోండి."

నేను అనలేదు. భీమవరం వెళ్ళి కెమెరా కొనుక్కొచ్చి, నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ మోటారుకి కాపలా అని చెప్పి గూళ్ళ ఎదురుగా స్తంభానికి బిగించాను. ఇక ఫోన్ చేతిలో ఉండగా నాకు వేరే పని లేకపోయింది. అన్నం తింటూ చూశాను, గుళ్ళో క్యూలో నిలబడి చూశాను. మా ఆవిడ అన్నయ్యగారి షష్టిపూర్తిలో అక్షింతలు ఎడమచేత్తో వేసి తిట్లు తిన్నాను. తెరమీద ఆ మనిషి గూళ్ళ పక్కన చెక్కబల్ల మీద గొంతుక్కూచుని నీళ్ళలోకి చూస్తూ ఉండేవాడు. గంటలకొద్దీ చూసేవాడు. మేత వేసినవాడు వేసి లేచిపోవాలి గాని అంతసేపు చూడ్డమెందుకు?

ఆరోరోజు మధ్యాహ్నం దొరికాడు. మేత సందులోంచి చిన్న జల్లెడ వల లోపలికి పెట్టి ఏదో పైకి తీశాడు. అటూ ఇటూ చూశాడు. భుజం మీద తువ్వాలు తీసి అందులో చుట్టుకుని, చెరువు అవతలి గట్టు వైపు నడుస్తూ కెమెరాకి అందకుండా పోయాడు.

బండి ఎలా నడిపానో గుర్తులేదు. మకాం ముందు ఆపేసరికి లోపల పొయ్యి వెలుగుతోంది, కూర ఉడుకుతున్న వాసన. అతని భార్య నన్ను చూసి కొంగు సర్దుకుంటూ లేచింది.

"రండి బాబుగారు, ఆయన అటేపు..."

నేను ఆగలేదు. పన్నెండేళ్ళలో ఆ గడప ఎప్పుడూ దాటనివాణ్ణి, చెప్పులతోనే లోపలికి వెళ్ళి పొయ్యి మీది గిన్నె మూత తీశాను. వేడికి వేళ్ళు కాలాయి. లోపల వంకాయా చింతచిగురూ ఉన్నాయి. పక్కన ఇంకో గిన్నె మూత తీశాను, అన్నం. గరిట తీసుకుని కూర అడుగుదాకా కలిపి కూడా చూశాను. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. నావైపు చూడలేదు. పొయ్యి వైపే చూస్తూ ఉంది.

వెనకనుంచి అతని గొంతు వినిపించింది. "ఫోన్ చేద్దారనుకుంటున్నానండి, మీరే వచ్చేరు. ఇదిగోనండి, మీకు చూపిద్దారని నీడలో అట్టిపెట్టేనండి."

తువ్వాలు విప్పాడు. వేలంత పొడుగు పండుగప్ప పిల్ల, చచ్చిపోయి ఉంది. దాని నోట్లోంచి ఇంకో పిల్ల తోక బయటికొచ్చి ఉంది. తనకంటే కాస్త చిన్నదాన్ని తలవైపునుంచి సగం దాకా మింగి, మిగతాది పట్టక ఊపిరాడక చచ్చింది. రెండూ చచ్చాయి.

"ఇది మింగలేక దొరికిందండి. మింగగలిగినయ్యి దొరకవు కదండీ. ఒకటి కొంచెం ముందు పెరిగిందంటే మేత మానేసి పక్కనున్నదాన్ని తినేత్తదండి. అందుకే ఏరమన్నానండి."

చెప్పడం ముగించాక అతను నా చేతిలో గరిట చూశాడు. మూతలు తీసి ఉన్న గిన్నెలు చూశాడు. భార్య మొహం చూశాడు. తువ్వాలు మడిచి భుజాన వేసుకుని బయటికి వెళ్ళి నిలబడ్డాడు. నాకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. గరిట ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

బయటికొచ్చి, "తప్పైపోయిందయ్యా" అన్నాను.

"ఆయ్" అన్నాడు. 

అతని భార్యకి మాత్రం ఆ మాట చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. మా ఆవిడ కథంతా విని, "గరిట పెట్టింది ఆవిడ గిన్నెలో కదా, ఆయనకి చెబితే ఏం లాభం?" అంది. నిజమే అన్నాను. ఆ మర్నాడు కూడా చెప్పలేదు. యజమానిని కదా అని లోపల ఒకడు అడ్డం పడుతూనే ఉన్నాడు.

ఆ వారంనుంచి గ్రేడింగ్ మొదలుపెట్టాం. గూడు ఒక పక్కనుంచి ఎత్తుకుంటూ వచ్చి పిల్లల్ని ఒక మూలకి చేర్చి, చిల్లుల టబ్బులో పోస్తే చిన్నవి జారిపోతాయి, పెద్దవి మిగులుతాయి. గూడుకి పది పన్నెండు మాత్రమే పెద్దవి, కడుపులు ఉబ్బి ఉన్నాయి. సగం చెరువుని మింగిన దొంగలు అవే. వాటిని వేరు చేశాక లెక్క తగ్గడం ఆగిపోయింది. మొదట్లో కూలీ ఖర్చుకి జడిసి, దొంగతనానికి జడిసి, నేను మిగిల్చుకున్నది అరపూట పని. పోగొట్టుకున్నది సగం పిల్ల.

అతను మాత్రం నేను లేకుండా ఒక్క బకెట్టు ముంచలేదు. పొద్దున్నే ఫోన్ వచ్చేది. "ఏరుతున్నామండి, మీరు రావాలండి." నువ్వు చేసుకోవయ్యా అంటే, "లేదండి, మీరు నించోవాలండి" అనేవాడు. జ్వరంగా ఉందంటే ఆ రోజు పని ఆపేశాడు. మేత గది తాళంచెవి అతని భార్య మా ఇంటికొచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళింది. బస్తా కావాల్సి వచ్చినప్పుడల్లా అతను సైకిలు మీద నాలుగు కిలోమీటర్లు వచ్చి తాళం అడిగి, మళ్ళీ తెచ్చి ఇచ్చేవాడు. మకాం ఖాళీ చేస్తారేమోనని నేను బెంగపడ్డాను గాని, వాళ్ళు వెళ్ళలేదు. ఉండి, ఇలా ఉన్నారు.

ఏడాది దాటాక చేపల పట్టుబడి పెట్టాం. వల లాగేవాళ్ళు వచ్చారు, ఐసు లారీ వచ్చింది. కిలో దాటినవాటికే మంచి ధర, చిన్నవాటికి సగమే అన్నారు. మొదటి మూడు వారాల నా తెలివికి సైజులు ఎగుడుదిగుడుగా వచ్చాయి. నష్టం రాలేదు, అంతే. పట్టుబడి రోజున చెరువు మీద పనిచేసిన ప్రతి ఇంటికీ కూరకి చేప ఇవ్వడం మావైపు ఆనవాయితీ. కుప్పలోంచి మంచి చేప ఒకటి ఏరి, కాటా మీద పెట్టి చూసి, నేనే మకాం దాకా తీసుకెళ్ళాను. ఆ పూట తప్పైపోయిందని ఆవిడకి చెప్పేద్దామనే వెళ్ళాను.

ఆవిడ గుమ్మంలో కూచుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచింది.

"తీసుకో అమ్మా, మీకే."

ఆవిడ చెయ్యి చాపలేదు. చేప వైపు చూసింది. కోపంగా లేదు, ఎప్పుడూ మాట్లాడినట్టే మాట్లాడింది.

"తీసుకుంటానండి. మీరే ఇచ్చేరని ఓ కాయితం మీద రాసిత్తారేంటండి? రేపెవరైనా అడిగితే చూపించుకుంటాం."

చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అంతకంటే అడిగింది ఇవ్వడమే తేలికనిపించింది. మేత బిల్లు వెనక్కి తిప్పి, చేపని చంకన ఇరికించుకుని, ఒక పండుగప్ప నేనే ఇచ్చానని రాసి సంతకం పెట్టాను. ఆవిడ కాయితం రెండు చేతులతో తీసుకుని, చదువుకుని, జాకెట్టులో దోపుకుంది.

ఇంటికొచ్చి మా ఆవిడకి ఏం రాశానో అప్పజెబుతుంటే అర్థమైంది, అందులో నేను చేప బరువు కూడా రాశాను.