ఉబారు చంకలో ఇటుక

షీనారు మైదానంలో గోపురం కట్టేవాళ్లందరికీ ఒకటే పిచ్చి. ఆకాశాన్ని అందుకోవాలి, పేరు తెచ్చుకోవాలి. ఉబారుది మరీ ముదిరిన పిచ్చి. బట్టీ దగ్గర మట్టి తొక్కే ఈ మనిషి, పచ్చి ఇటుక మీద రెల్లుపుల్లతో తన పేరు గీసి, కాల్చి, ఏళ్ల తరబడి చంకన పెట్టుకు తిరుగుతున్నాడు. గోపురంలో అన్నిటికన్నా పైన ఉండే ఇటుక అదే కావాలట. పెళ్లిలోనూ దించలేదు, పడకలోనూ దించలేదు. ఆ ఇటుకను చూస్తే భార్య తబ్నికి ఒళ్లు మంట.

"పిల్లాణ్ణి కాసేపు ఎత్తుకోవయ్యా అంటే చేతులు ఖాళీ లేవంటావు. ఆ రాయేమన్నా కూడు పెడుతుందా?"

"రాయి కాదే, ఇటుక. అది పైకెక్కిన రోజున ఊరంతా తలెత్తి నన్నే చూస్తుంది. అప్పుడు మాట్లాడు."

"ఆ రోజు రానీ, నా చేత్తో చేప కాల్చి పెడతా. అందాకా నీకు ఉల్లిపాయా రొట్టే గతి."

చిక్కల్లా ఆకాశం అందకపోవడమే. రోజూ సాయంత్రం మేస్త్రీ ఇద్దిను పైవరస మీద మునివేళ్లపై లేచి, చెయ్యి చాపి చూసేవాడు.

"ఇంకో జానెడే," అనేవాడు.

"నిన్నా జానెడే అన్నావుగా మేస్త్రీ?" అని ఉబారు నసిగేవాడు.

"నిన్నటి జానెడు అయిపోయిందిరా. ఇది ఇవాళ్టిది."

నిజమే కదా అనుకుని అందరూ మళ్లీ ఇటుకలు మోసేవాళ్లు. ఒక్కడికైనా నవ్వొస్తే ఒట్టు.

ఒకనాటి పొద్దున ఇద్దిను తారు తెమ్మని కేకేశాడు. నోట్లోంచి ఏదో వింత భాష ఊడిపడింది. తారు మోసేవాడు ఇంకేదో భాషలో ఎదురు తిట్టాడు. మధ్యాహ్నానికల్లా ఒకడి మాట ఒకడికి తెలియక, తట్టలు పారేసి జనమంతా దిగిపోసాగారు. ఉబారు ఒక్కడే పైకి పరిగెత్తాడు. పని ఆగిపోయిందంటే ఇదే చివరి వరస కదా. మిగిలిన తారు పూసి, ఇటుక పెట్టి, రెండు చేతులా అదిమి, సంతోషం పట్టలేక భోరుమన్నాడు.

ఇంటికొచ్చేసరికి తబ్ని గుమ్మంలో ఉంది.

"పెట్టేశానే. అన్నిటికన్నా పైన నాదే," అన్నాడు.

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వట్టి చేతులు చాచి చూపించాడు. అది మాత్రం ఆమెకు బాగా అర్థమైంది. ఇన్నాళ్లకు బుద్ధొచ్చి పారేసొచ్చాడు. దేన్నో విసిరేసినట్టు చెయ్యి ఊపి, సెబాసన్నట్టు తలాడించింది. ఆమె కళ్లు నిండాయి. పిల్లాణ్ణి ఆ ఖాళీ చంకలో పెట్టి, పొయ్యి రాజేసి, చేప కాల్చింది.

ఉబారుకు కడుపు రగిలిపోయింది. "పారెయ్యలేదే, పెట్టానే," అని మొత్తుకుంటూనే ఉన్నాడు. పాపం ఆకలి తీరలేదు కాబోలనుకుని, ఆమె ఇంకో ముక్క వడ్డించింది.